పది నిమిషాలు ఆడుకుందామంటే ఆట కంటే అంగడే ఎక్కువ కనపడతాండాది, మీకూ ఇట్లనేనా?

తుంగభద్ర_గట్టు
గేమింగ్ ఛానెళ్లు పెట్టుకున్నోళ్లని అడగడంల్యా. రాత్రి అన్నం తిన్నాక పది, పదిహేను నిమిషాలు ఫోన్లో ఏదో ఒక పజిల్ ఆడి పడుకునేవాళ్లని అడుగుతాండా.

నేను ఇప్పుడు ఆడేది రంగు బిళ్లలు జతచేసే ఆట. పేరు చెప్పను, అట్లాంటివి వందుండాయి. తెరిచినానంటే ఇదీ వరస. మొదట ఆ రోజు బహుమానం పెట్టె. దాన్ని మూస్తే స్టార్టర్ ప్యాక్ 89 రూపాయలు, ఇంకా 2 గంటల 14 నిమిషాలే అని ఒక గడియారం తిరుగుతాంటాది. ఆ గడువు అయిపోయినాక అదే ప్యాకు ఇంకో రంగు డబ్బాలో వస్తాది. దాన్నీ మూస్తే టీములో చేరమంటాది. తర్వాత గుడ్లు ఏరే పోటీ మొదలైందంటాది. ఇవన్నీ మూసుకుంటా పోతే అప్పుడు కనపడతాది ఆట.

ఆట బాగలేదని కాదు నా కోపం. బాగుండాది. మొదటి లెవెళ్లు నిజంగా ఆలోచించి పెట్టినారు, ఒక్కో లెవెల్లో ఒక్కో కొత్త చిక్కు. కొంచెం ముందుకు పోయినాక మొదలైతాది కథ. మూవ్స్ అయిపోయేసరికి రెండో మూడో బిళ్లలు మిగుల్తాయి. తెర మధ్యలో పచ్చగా పెద్ద బటన్, 'ఇంకో 5 మూవ్స్'. వద్దు అనేది యాడుండాదంటే మూలన, బూడిద రంగులో, అది కూడా కొంచేపటికి గానీ రాదు. నొక్కితే 'నీ గెలుపుల వరస పోతాది, నిజంగా వద్దా?' అని ఇంకో తెర.

కష్టమైన ఆటంటే నాకు ఇష్టమే. ఓడితే నా చేతకానితనం వల్ల ఓడాల. ఈ కష్టం ఆట కోసం పెట్టినారా, అమ్ముకునేదానికి పెట్టినారా అని ఆడేవానికి ఎట్ల తెలియాల?

కారందోసె_కడప
తిరణాల్లో జెయింట్ వీల్ ఊరికే ఎక్కిచ్చుకోని, పైకి పోయినాక నిలబెట్టి, దిగాలంటే టికెట్ అడిగినట్టుండాదబ్బీ.

స్క్వాడ్_ఫుల్
నిలబెడితే ఏమన్నా? పైనుంచి ఊరంతా కనపడతాది, చూసుకో. అర్ధగంట ఆగితే వాళ్లే దించుతారు 😄

కారందోసె_కడప
పక్క సీట్లో మా ఆడోళ్లు ఉంటే అర్ధగంట ఆగేదానికి కుదరదు తమ్మీ, కింద కూరలు కొనాల.

స్క్వాడ్_ఫుల్
సరే, నవ్వులు పక్కనబెట్టి చెప్తా. నాది ప్రొద్దుటూరు. డిప్లొమా చదివేటప్పుడు నా జేబులో లెక్క ఉండేది కాదు. 2016లో జియో వచ్చింది, నెట్టు చౌకయింది, నాన్న పాత ఫోన్ నాకు వచ్చింది. ఆటలు ఫ్రీ కాబట్టే ఆడగలిగినా. నాలుగొందలు పెట్టి ఆట కొనియ్యి నాయనా అని అడిగుంటే ఏమొచ్చుండేదో మీకందరికీ తెలుసు. ఇప్పుడు జీతం వస్తాంది, సీజన్ పాస్ కొంటా, గన్ను స్కిన్ (గన్నుకి వేసే రంగుల వేషం) కొంటా. దాని వల్ల నా గురి పెరగదు, ఎవరికీ అన్యాయం జరగదు. నేను కొన్నదాంతోనే ఇంకో ఊర్లో ఇంకో పిల్లోడు ఫ్రీగా ఆడతాండాడు. దీంట్లో తప్పేముందో నాకు అర్థం కాదు.

ఆదోని_పత్తి
తప్పేముందంటే ఆ ఇంకో పిల్లోడు మా ఇంట్లో ఉండాడు తమ్ముడూ. తొమ్మిదో తరగతి. స్కిన్ లేనోణ్ణి వాళ్ల గుంపులో 'బాట్' అని పిలుస్తారంట, అంటే మనిషి గాదు, కంప్యూటర్ ఆడించే బొమ్మ అని. గురి పెరగకపోయినా పరువు సంగతి ఉండాది గదా.

క్లాక్‌టవర్_అనంత
అందరూ ఇదేదో నిన్న పుట్టినట్టు మాట్లాడతాండారు. 90ల్లో మా అనంతపురం క్లాక్ టవర్ దగ్గర సందులో వీడియో గేమ్ పార్లర్ ఉండేది. చీకటి గది, నాలుగు మిషన్లు, రూపాయి బిళ్లేస్తే మూడు ప్రాణాలు. ఆ ఆటలు అంత కష్టంగా ఎందుకుండేవి అనుకుంటాండారు? బిళ్ల తొందరగా అయిపోవాలనే. బాస్ దగ్గర చస్తే తెరమీద 'కంటిన్యూ?' అని పడి 9, 8, 7 అని అంకెలు దిగేవి. ఆ కాసేపట్లో నిక్కరు రెండు జేబులూ తడుముకునేది. పక్కన నిలబడినోడు తన బిళ్లేసి మన ఆట లాక్కునేది కూడా జరిగేది. తుంగభద్ర చెప్పే పచ్చ బటన్‌కి ఇది తాత.

ఆటలు ఎప్పుడూ వ్యాపారమే సామీ. మన చిన్నప్పటిది మనకు ముద్దు, అంతే తేడా.

తుంగభద్ర_గట్టు
@క్లాక్‌టవర్ అన్నా, పార్లర్ మాట ఒప్పుకుంటా, మా కర్నూల్లోనూ ఉండేవి. ఒక్క తేడా మాత్రం పెద్దది. ఆ మిషన్‌కి నువ్వెవరో తెలియదు. రూపాయి వేసిన ప్రతివానికీ అదే బాస్, అదే వరసలో అవే గుండ్లు. నేర్చుకుంటే అదే రూపాయితో గంట ఆడేటోళ్లు ఉండిరి, వాళ్ల చుట్టూ జనం మూగేది. పార్లర్ ఆయన మొహం మాడ్చుకున్నా ఏం చేయలేకపోయె. నేర్పు ఉంటే డబ్బు ఆదా. ఇప్పుడు నేను ఎంత నేర్చుకున్నా, పోయిన ప్రాణం తిరిగి రావాలంటే అర్ధగంట అర్ధగంటే.

క్లాక్‌టవర్_అనంత
అది నిజమే. మా సందులో ఒకాయన ఒక్క బిళ్లతో ఆట మొత్తం ముగించేవాడు. ఆయనొస్తే పార్లరాయన లైటు ఆర్పేసి కరెంటు పోయిందనేది.

సిల్క్‌బోర్డు_జామ్
నాది అనంతపురమే, బెంగళూరులో మొబైల్ ఆటలు చేసే కంపెనీలో కొన్నేండ్లుగా పని. కంపెనీ పేరు అడగొద్దు. తుంగభద్ర అన్న అడిగినదానికి లోపలినుంచి చూసినోడిగా చెప్తా, కొంచెం పొడుగైతాది.

ఆట నిన్ను గుర్తుపట్టి కావాలని ఓడిస్తాదా అంటే, అన్ని ఆటలూ అట్ల చేయవు. చేయాల్సిన పని కూడా లేదు. ఒక్కో లెవెల్ ఎంతమంది ఎన్నిసార్లకి గెలుస్తాండారు, యాడ విసిగి ఆట మూసేస్తాండారు, యాడ కొంటాండారు, ఇవన్నీ మాకు లెక్కలు వస్తాంటాయి. ఒక లెవెల్‌కి సగం మందికి 25 మూవ్స్ ఇస్తాం, సగం మందికి 22. ఒక వారం చూస్తాం. 22 ఇచ్చినచోట వదిలేసి పోయినోళ్లు పెద్దగా పెరగలేదు, కొన్నోళ్లు పెరిగినారు అంటే 22 ఖాయం. దీనికి ప్లే స్టోర్‌లో అప్‌డేట్ గూడా అక్కర్లేదు, సర్వర్లో ఒక అంకె మారిస్తే అయిపాయ. అట్ల ప్రతి లెవెల్‌కీ మారుస్తా పోతే చివరికి మిగిలేది 'అబ్బా, కొంచెంలో పోయిందే' అనిపించే లెవెలే. రెండు బిళ్లలు మిగిలేట్టు చేయండి అని ఎవరూ చెప్పరు. అంకెలు ఆడికి తోస్తాయి. తుంగభద్ర అన్న అనుమానం సరైందే, కాకపోతే దాని వెనక ఒక దుర్మార్గుడు కూర్చోనుండడు, ఒక ఎక్సెల్ షీటు ఉంటాది.

మీటింగుల్లో 'ఇది ఆడితే బాగుంటాదా' అనే మాట తక్కువ వినపడతాది. మొదటి రోజు ఎంతమంది తిరిగొచ్చినారు, ఏడో రోజు ఎంతమంది, ముప్పయ్యో రోజు ఎంతమంది, అదే ఎక్కువ.

ఇంక డబ్బు సంగతి. ఆడేవాళ్లలో శానామంది ఎప్పటికీ రూపాయి పెట్టరు. పెట్టేవాళ్లు కొద్దిమంది, వాళ్లలో గట్టిగా పెట్టేవాళ్లు ఇంకా కొద్దిమంది. వాళ్లని మా ఫీల్డులో తిమింగలాలు అంటారు. ఆట బరువంతా వాళ్ల మీదనే. వచ్చినదాంట్లో స్టోర్ వాళ్లు 30 శాతం పట్టుకునేవాళ్లు, 2021 నుంచి చిన్న కంపెనీలకి ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల వరకు 15 శాతం చేసినారు. మిగతావాళ్ల దగ్గర యాడ్లు. మన దేశంలో ఒక యాడ్ చూపిస్తే వచ్చేది అమెరికాలో వచ్చేదాంట్లో శానా తక్కువ. అందుకే మనకు యాడ్ల మోత ఎక్కువ.

కొనే ఆటలే చేయొచ్చు గదా అని అడుగుతారని తెలుసు. టెంపుల్ రన్ 2011లో మొదట డబ్బుకే పెట్టినారు. ఫ్రీ చేసినాకనే ఊరూరా పాకింది. 2015లో మాన్యుమెంట్ వ్యాలీ చేసినోళ్లే చెప్పినారు, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ ఆట ఉన్నచోట్ల 100కి 5 మాత్రమే డబ్బు పెట్టి కొన్నవని. ఒకడే రెండు ఫోన్లలో వేసుకునేది కూడా దాంట్లో ఉంటాదని వాళ్లే అన్నారు. అయినా 5 అంటే 5. కొంటామని చెప్పేవాళ్లు శానామంది, కొనేటోళ్లు యాడుండారు?

గుత్తికోట
ఆ 5లో నేనుండా.

గుత్తికోట
వారం వారం గుత్తి నుంచి బెంగళూరుకు రైల్లో పోయేవాణ్ణి. ధర్మవరం దాటినాక పెనుకొండ కొండల్లో సిగ్నల్ వస్తాది, పోతాది. ఫ్రీ ఆట తెరిస్తే 'నెట్ లేదు, మళ్లీ ప్రయత్నించండి'. ఒక్కడే ఆడే ఆటకు నెట్టెందుకు? యాడ్లకి, అంగడికి. మాన్యుమెంట్ వ్యాలీ, స్టార్‌డ్యూ వ్యాలీ, మినీ మెట్రో, ఇవి కొనుక్కున్నా. ఒకసారి దించుకుంటే మళ్లీ నెట్ అడగవు. స్టార్‌డ్యూ వ్యాలీ ఒక్క మనిషి ఏండ్ల తరబడి కూర్చోని చేసిన ఆట, 2016లో కంప్యూటర్లకి వచ్చింది, 2019లో ఆండ్రాయిడ్‌కి. ఆ ఆటలో నాటిన చేను రాత్రి పడుకుంటే పొద్దున్నే పెరిగుంటాది, తొందరగా పండాలంటే వజ్రాలు కొనమని అడగదు. మనం చేనుకాడ చూసే కష్టమే, దాంట్లోనే సుఖం.

సిల్క్‌బోర్డు తమ్ముడూ, నీ లెక్క నేను కాదనను. ఆ 5 మందికి కూడా ఆటలు చేయండి అంటాండా.

స్క్వాడ్_ఫుల్
ఫ్లైట్ మోడ్ పెట్టి ఆడితే కొన్ని ఫ్రీ ఆటల్లో యాడ్లు రావు, తెలుసా?

గుత్తికోట
తెలుసు. ఇప్పుడు అది కనిపెట్టి నెట్ లేకుంటే ఆటే తెరుచుకోకుండా చేసినారు, అదే నేను చెప్పేది.

కారందోసె_కడప
మా బామ్మర్ది కొడుకు అయితే క్యాండీ క్రష్‌లో ప్రాణాలు అయిపోతే ఫోన్ గడియారం మూడు గంటలు ముందుకు తిప్పుతాడు. అయిదు ప్రాణాలూ వచ్చేస్తాయి. ఒకరోజు వెనక్కి తిప్పడం మరిచిపోయి, మా బామ్మర్ది అదే ఫోన్లో అలారం విని తెల్లారుజామున మూడుకే లేచి పాల కేంద్రం దగ్గర నిలబడినాడు.

ఆదోని_పత్తి
😂😂 పాలాయన కంటే ముందు పోయినాడు

టౌన్‌హాల్_తాడిపత్రి
టైమర్ల మీద అందరికీ ఇంత కోపమేందో! నేను క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడతాండేది కాలేజీ రోజులనుంచి. అది 2012 ఆట. ఒక్క రూపాయి పెట్టలేదు. ఫిరంగి లెవెల్ పెంచాలంటే ఆగాల, టౌన్ హాల్ పెంచాలంటే రోజులు ఆగాల. ఆగినాం. ఆ ఆగేటప్పుడే క్లాన్ (కలిసి ఆడేవాళ్ల గుంపు) చాట్‌లో మాటలు కలిసినాయి. మా క్లాన్‌లో తాడిపత్రి, ధర్మవరం, కదిరి పిల్లోళ్లు ఉండారు. ఒకని పెండ్లికి అందరం పోయినాం, మొగం చూసింది ఆ రోజే. టైమర్ లేకపోతే ఒక వారంలో ఆట అయిపోయేది, ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లం. ఓపిక ఉన్నోనికి ఆట ఫ్రీ, ఓపిక లేనోడు డబ్బు కడతాడు. న్యాయమే గదా?

తుంగభద్ర_గట్టు
@టౌన్‌హాల్ నీ ఆటనుంచే అడుగుతా. సైన్యం తయారయ్యేదానికి ఇంతసేపు, దానికి ఇంత ఎలిక్సిర్ (ఆటలో ఖర్చుపెట్టే సరుకు) అని ఉండేది గదా ముందు? 2022లో ఆ ఖర్చు తీసేసినారు, 2025 మార్చిలో ఆగే టైము గూడా తీసేసినారు. ఇప్పుడు వరుసపెట్టి ఎన్ని దాడులైనా చేసుకోవచ్చు. ఆట చెడిపోయిందా? చెడిపోతే చెప్పు. చెడకపోతే అన్నేండ్లు ఆ టైము దేనికుండినట్టు?

టౌన్‌హాల్_తాడిపత్రి
చెడిపోలేదు, ఇంకా బాగుంది, అది నిజం. బిల్డర్ల టైము, అంటే కట్టడాలు పెంచే టైము, మాత్రం ఇంకా ఉండాది, అది ఉండాల్సిందే అంటా. రెండూ ఒకటి కాదు. సైన్యం టైము ఆడేవాణ్ణి ఆపేది. బిల్డర్ టైము ఆపదు, అది పక్కన నడుస్తాంటే మనం ఆడుకోవచ్చు.

తుంగభద్ర_గట్టు
ఈ తేడా బాగా చెప్పినావు. నాకు కావల్సింది ఇదే. ఆడేవాణ్ణి ఆపే టైమరా, పక్కన నడిచే టైమరా? మొదటిది ఉండే ఆట నేను తీసేస్తా.

లెక్కల_మేడం
నంద్యాల దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తాను. టైమర్ల కంటే నాకు భయమేసేది లక్కు పెట్టెలు. పిల్లలు వాటిని 'స్పిన్', 'క్రేట్' అంటారు. డబ్బు పెట్టి తెరవాలి, లోపల ఏముందో తెలియదు.

సంభావ్యత పాఠం ఇదే ఉదాహరణతో చెప్పాను. "ఒక పెట్టెలో మంచి వస్తువు వచ్చే అవకాశం 100కి 1. 100 పెట్టెలు తెరిస్తే వస్తుందా?" అని అడిగితే క్లాసంతా "వస్తుంది మేడం" అన్నారు. రావాలని లేదు. ఒక్కసారి రాకపోయే అవకాశం 0.99. దాన్ని దానితోనే 100 సార్లు గుణించమన్నాను. 0.366 వచ్చింది. అంటే 100 పెట్టెలు తెరిచిన పిల్లలు 100 మంది ఉంటే అందులో 36, 37 మందికి ఏమీ రాదు. వెనక బెంచీలో ఒకడు కాలిక్యులేటర్ మళ్లీ మళ్లీ కొట్టి చూసుకున్నాడు. వాడి మొహం చూస్తే నాకు అర్థమైంది, వాడికిది పాఠం కాదని.

జెన్‌షిన్ ఇంపాక్ట్ అనే ఆటలో అయిదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం 0.6 శాతం అని వాళ్లే రాస్తారు, 90వ సారికి తప్పకుండా ఒకటి ఇస్తారు. ఆ మాత్రం రాయడం కూడా ఊరికే జరగలేదు. చైనాలో 2017 నుంచి అవకాశాలు బయటపెట్టాలని నిబంధన వచ్చింది, అదే ఏడాది చివర్లో ఆపిల్ కూడా తన స్టోర్‌లో అడిగింది. జపాన్ 2012లోనే ఒక రకం పెట్టెల్ని ఆపించింది. బెల్జియం 2018లో డబ్బు పెట్టి తెరిచే పెట్టెలు జూదమే అని తేల్చింది.

ఇంకో సంగతి. ఆటల్లో రూపాయలు ఎందుకు కనపడవో గమనించారా? రూపాయలతో వజ్రాలు, వజ్రాలతో టోకెన్లు, టోకెన్లతో పెట్టె. వస్తువు 120 వజ్రాలు, ప్యాక్ మాత్రం 100 లేదా 310. ఏది కొన్నా కొన్ని మిగులుతాయి, ఆ మిగిలినవి పాడైపోకూడదని మళ్లీ కొంటారు. మా పిల్లలకి ఇంటి పనిగా ఇచ్చాను, మీరాడే ఆటలో ఒక స్కిన్ ఎన్ని రూపాయలో రాసుకురండి అని. రెండు మెట్లు దాటి రూపాయికి తేవడానికి పదో తరగతి పిల్లలకి పేజీ నిండింది.

కారందోసె_కడప
మేడం, మా కాలంలో ఇట్లాంటి లెక్కల మేడం ఉండుంటే నేనూ ఇంజనీరే.

స్క్వాడ్_ఫుల్
మేడం చెప్పిన స్పిన్ విషయం నేనూ ఒప్పుకుంటా. నేను స్పిన్ చేయను, నేరుగా ధర రాసుండేదే కొంటా. రెండింటినీ ఒక గాట కట్టొద్దు.

రీఛార్జ్_అంగడి
కడపలో ఏడు రోడ్ల దగ్గర మా అంగడి. రీడీమ్ కోడ్లు (ఆటల్లో కొనేదానికి వాడే కోడ్లు) అమ్ముతాం కాబట్టి ఎవరు కొంటారో నాకు కనపడతాది. జీతగాళ్లు కొంటారు, ఒకసారి, రెండుసార్లు. సాయంత్రం బడి వదిలే టైముకు వచ్చేటోళ్లు వేరే. చేతిలో పదులు, ఇరవైలు మడతలు పెట్టి ఉంటాయి. నలుగురు కలిసి ఒక 100 చేస్తారు. 'అన్నా, పోయినసారి దాంట్లో ఏం రాలేదు, ఈసారి ఖచ్చితంగా వస్తాది' అంటారు, నేనేదో ఇచ్చేవాని మాదిరి నన్ను బతిమాలుతారు. మేడం రాసిన 37 మంది నా అంగడికే వస్తారు.

చిన్నపిల్లోళ్లకి నేను అమ్మను, ఇంట్లో పెద్దోళ్లను పిలుచుకోనిరా అంటా. పక్కంగట్లో కొనుక్కుంటారు, అది నాకు తెలుసు. అయినా అమ్మను.

ఆదోని_పత్తి
అన్నా, నీలాంటి అంగడి మా ఆదోనిలో ఒకటుంటే బాగుండు.

క్లాక్‌టవర్_అనంత
ప్రభుత్వం 2025 ఆగస్టులో చట్టం చేసింది గదా ఆన్‌లైన్ ఆటల మీద? మన రాష్ట్రంలో 2020లోనే రమ్మీ, పోకర్ ఆపినారు. ఈ పెట్టెలు దాంట్లోకి రావా?

సిల్క్‌బోర్డు_జామ్
ఆ చట్టం పట్టుకున్నది పందెం కట్టి డబ్బు గెలిచే ఆటలను. మన ఆటల్లో డబ్బు పోతాదే గానీ డబ్బు రాదు, స్కిన్ వస్తాది. అందుకని వీటిని ఆ తాడుతో కట్టేయడం కష్టం. దీనికంటే దగ్గరగా వచ్చేది 2023 నవంబర్ నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాణ్ణి మాయచేసే తెరలు, బటన్లు) మార్గదర్శకాలు, వినియోగదారుల రక్షణ కింద ఇచ్చినవి. 13 రకాలు రాసినారు. లేని తొందర పుట్టించడం, వద్దు అనేవాణ్ణి సిగ్గుపడేట్టు చేయడం, సతాయించడం, అన్నీ దాంట్లో ఉండాయి. తుంగభద్ర అన్న మొదటి పోస్టులో చెప్పిన తిరిగే గడియారం, 'నిజంగా వద్దా?' అనే తెర, వాటి పక్కన పెట్టి చదువుకోండి.

అమెరికాలో అయితే ఫోర్ట్‌నైట్ చేసే ఎపిక్ వాళ్లు 2022 చివర్లో కేసు ముగించుకునేదానికి 52 కోట్ల డాలర్లకి ఒప్పుకోవాల్సి వచ్చింది. దాంట్లో 24.5 కోట్లు పొరపాటున బటన్ నొక్కి కొన్నోళ్లకి తిరిగియ్యడానికే. బటన్లు యాడ పెట్టాల అనేది అంత ఖరీదైన సంగతి.

గుత్తికోట
కొన్నది మనదేనా అనేది కూడా చూడండి. ఫామ్‌విల్ అనే సేద్యం ఆట 2009లో వచ్చింది, ఫేస్‌బుక్‌లో అందరి గోడల మీదా ఆవులూ దూడలే. 2020 డిసెంబర్ 31న మూసేసినారు. దాంట్లో డబ్బు పెట్టి కొన్న చెట్టూ చేమా అన్నీ పోయె. పబ్జీ 2020 సెప్టెంబర్‌లో ఆగింది, మారుపేరుతో 2021 జులైలో వచ్చింది, 2022 జులైలో మళ్లీ స్టోర్ నుంచి పోయింది, 2023 మే నెలలో మళ్లీ వచ్చింది. ఆ మధ్యలో నీ స్కిన్లు ఎవరి చేతిలో ఉండె @స్క్వాడ్?

స్క్వాడ్_ఫుల్
నా స్కిన్లు తిరిగొచ్చినాయి అన్నా, పాత అకౌంట్ కలుపుకునే వీలిచ్చినారు. రాకపోయినా బాధపడను. వాటితో ఆడిన ఆట ఆడేసినా, ఆ సంతోషం ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

గుత్తికోట
ఈ మాట మాత్రం కాదనలేను.

తుంగభద్ర_గట్టు
అందరివీ చదివినా. స్క్వాడ్ తమ్ముడు చెప్పినట్టు ఫ్రీ వల్లనే ఆట మన ఊర్లకి వచ్చింది, దాన్ని చిన్నది చేయను. నాకు కోపం ఫ్రీ మీద కాదు, ఆడేవాణ్ణి ఆపి అమ్మేదాని మీద. ఫ్రీగా ఇచ్చి, ఆపకుండా, నచ్చితేనే డబ్బు పెట్టమనే ఆటలు ఉండాయా? పేర్లు చెప్పండి. కొనేవి గుత్తి అన్న చెప్పినాడు.

లెక్కల_మేడం
లిచెస్. చదరంగం. 2010 నుంచి ఉంది. యాడ్లు లేవు, కొనాల్సిందేమీ లేదు, విరాళాలతో నడుస్తుంది. విరాళం ఇచ్చినవాళ్లకి పేరు పక్కన ఒక గుర్తు వస్తుంది, అంతే. మా బడి కంప్యూటర్ గదిలో పిల్లలతో ఆడిస్తున్నాను. ఓడితే ఎక్కడ తప్పు చేశామో అదే చూపిస్తుంది, దానికీ డబ్బు అడగదు.

సిల్క్‌బోర్డు_జామ్
వ్యాంపైర్ సర్వైవర్స్ మొబైల్లో 2022 చివర్లో ఫ్రీగా పెట్టినారు. యాడ్ కావాలంటే నువ్వే నొక్కి చూడాల, చూస్తే ఇంకో ప్రాణం ఇస్తాది. వద్దంటే ఒక్క యాడ్ కూడా రాదు. ఇంకా ఆట పెంచుకోవాలంటే అదనపు భాగాలు కొనుక్కోవచ్చు. షాటర్డ్ పిక్సెల్ డంజియన్ ఇంకోటి, నేలమాళిగలో అంతస్తు అంతస్తూ దిగుతా పోయే ఆట, ఆండ్రాయిడ్‌లో ఫ్రీ, యాడ్లు లేవు, కష్టం మాత్రం నిజమైన కష్టం. తుంగభద్ర అన్నకు సరిపోతాది.

గూగుల్ ప్లే పాస్ కూడా ఉండాది, 2022లో మన దేశానికి వచ్చేటప్పుడు నెలకి 99 రూపాయలు పెట్టినారు. దాంట్లో ఉండే ఆటల్లో యాడ్లూ, లోపల కొనేవీ ఉండవు.

టౌన్‌హాల్_తాడిపత్రి
యాడ్‌లో చూపించేది ఒకటి, దించుకుంటే ఇంకొకటి వచ్చే ఆటల గురించి ఎవరూ చెప్పలేదే? పిన్నులు లాగి మనిషిని కాపాడాల అని చూపిస్తారు, దించితే బిళ్లల ఆట.

సిల్క్‌బోర్డు_జామ్
హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ యాడ్లను 2020లో బ్రిటన్‌లో యాడ్లు చూసే సంస్థ ఆపించింది, సరిగ్గా ఈ కారణానికే. ఇక్కడ మాత్రం ఇంకా నడుస్తాండాయి.

ఆదోని_పత్తి
మీ ఆటల పేర్లన్నీ మావాడికి చూపిస్తా. నాకు ఒక్కటి చెప్పండి, వాడు నా ఫోన్లోనే ఆడతాడు, నా ఫోన్లోనే యూపీఐ ఉండాది. వాడు కొనకుండా ఎట్ల ఆపాల?

రీఛార్జ్_అంగడి
అక్కా, ప్లే స్టోర్ తెరిచి పైన కుడిపక్క నీ బొమ్మ నొక్కు. సెట్టింగ్స్‌కి పో. దాంట్లో కొనేటప్పుడు ధృవీకరణ అడిగేది ఉంటాది, ప్రతి కొనుగోలుకీ అని పెట్టుకో. అప్పుడు ప్రతిసారీ నీ పాస్‌వర్డో వేలిముద్రో అడుగుతాది. వాని వేలిముద్ర నీ ఫోన్లో ఎక్కించుంటే అది తీసేయి, శానామంది ఈడనే మరిచిపోతారు. ఇప్పటికే ఏమన్నా కొనుంటే 48 గంటల్లోపల ప్లే స్టోర్‌లోనే రీఫండ్ అడుగు.

ఆదోని_పత్తి
వాని వేలిముద్ర ఉండాది! ఇప్పుడే తీసేసినా. మా చెల్లెలిది ఐఫోన్, దాంట్లో ఎట్ల?

గుత్తికోట
సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్, దాంట్లో కంటెంట్ అండ్ ప్రైవసీ, దాంట్లో స్టోర్ కొనుగోళ్లు. ఇన్-యాప్ పర్చేజెస్ అనేదానికి 'వద్దు' పెట్టమను. స్క్రీన్ టైమ్‌కి వేరే పాస్‌కోడ్ పెట్టమను, ఫోన్ తెరిచేదే పెడితే పిల్లోళ్లకి ముందే తెలిసుంటాది.

తుంగభద్ర_గట్టు
షాటర్డ్ పిక్సెల్ దించినా. మొదటి అంతస్తులోనే ఎలకలు చంపేసినాయి, పీతల్ని ఇంకా చూడనే లేదు. ఏ పాత్రతో మొదలుపెట్టాల సిల్క్‌బోర్డూ?

సిల్క్‌బోర్డు_జామ్
వారియర్‌తో మొదలుపెట్టన్నా. ఎలకలు వచ్చినప్పుడు వాకిట్లో నిలబడు, ఒక్కొక్కటే వస్తాయి.